విరిగింది పెన్సిల్ కాదు

2025 మే 7న మొదలైన ఆపరేషన్ సిందూర్‌లో ఐదు పాకిస్థాన్ యుద్ధ విమానాలనూ, మరో పెద్ద విమానాన్నీ కూల్చామని వైమానిక దళాధిపతి ఏపీ సింగ్ ఆగస్టు 9న బెంగళూరులో ప్రకటించారు. ఆ పెద్ద విమానాన్ని సుమారు 300 కిలోమీటర్ల దూరం నుంచి పడగొట్టామన్నారు. దేశం గర్వించే మాట ఇది. దాన్ని శంకించే ఉద్దేశం మాకు లేదు. శత్రువు నష్టాన్ని ఇలా అంకెలతో సహా చెప్పగలిగిన ప్రభుత్వం, మన నష్టం ఎంతని అడిగితే మాత్రం మూడు నెలలైనా నోరు విప్పలేదు. ఆ ప్రకటనకు పన్నెండు రోజుల ముందే, జులై 28న, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో ఆ మౌనాన్ని సమర్థించుకున్నారు. పరీక్షలో వచ్చిన మార్కులు చూడాలి గానీ, రాసేటప్పుడు పెన్సిల్ విరిగిందా, పెన్ను పోయిందా అన్నది చూడకూడదని వాదించారు. ఆపరేషన్ సిందూర్‌పై సాగిన చర్చ మొత్తంలో ఇంతకన్నా నిజాయతీ లేని వాదన మరొకటి వినపడలేదు.

నౌకాదళం కోసం 26 రఫేల్ విమానాలు కొనడానికి 2025 ఏప్రిల్‌లో మన దేశం సుమారు రూ.63 వేల కోట్లకు ఒప్పందం చేసుకుంది. ఆయుధాలు, శిక్షణ, నిర్వహణ అన్నీ కలిపి చూస్తే ఒక్కో విమానానికి రెండు వేల కోట్లు దాటిన లెక్క. వైమానిక దళానికి 42 స్క్వాడ్రన్లు ఉండాలని మంజూరైతే, 2025 ఆగస్టు నాటికి ఉన్నవి 31. అంత కొరతలో ఉన్న దళానికి ఒక్క విమానం పోయినా చిన్న లోటు కాదు. అన్నిటికీ మించి, ఆ విమానంలో ఒక మనిషి కూర్చుంటాడు. దుండిగల్ అకాడమీలో తర్ఫీదు పొంది, ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప తయారుకాని మనిషి అతను. పైలట్లంతా క్షేమంగా తిరిగొచ్చారని మే 11న ఎయిర్ మార్షల్ ఏకే భారతి చెప్పినప్పుడు దేశమంతా ఊపిరి పీల్చుకుంది. ఆ ప్రాణాలు మోసిన యంత్రాలను పెన్సిళ్లతో పోల్చడానికి రక్షణ మంత్రికి మనసెలా ఒప్పింది? పోనీ, ఆయన పోలికనే తీసుకుందాం. ఇది ఒక్కసారితో ముగిసిపోయే పరీక్ష కాదు. అదే పొరుగు దేశం, అవే చైనా జె-10సీ విమానాలు, అవే పీఎల్-15 క్షిపణులు రేపు మళ్లీ ఎదురవుతాయి. అప్పుడు మార్కుల జాబితా మనల్ని కాపాడదు. మొదటి రాత్రి ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్న ఎరుక ఒక్కటే కాపాడుతుంది.

ఈ సంగతి సైన్యానికి మంత్రికన్నా బాగా తెలుసు. ఎన్ని కూలాయన్నది కాదు, ఎందుకు కూలాయన్నదే ముఖ్యమని త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో అన్నారు. ఆరు కూల్చామన్న పాక్ మాట పూర్తిగా తప్పంటూనే, వ్యూహంలో పొరపాటు జరిగిందనీ, దాన్ని దిద్దుకుని రెండు రోజుల్లో మళ్లీ ఎగిరామనీ ఒప్పుకున్నారు. ఓ విదేశీ వార్తా సంస్థకు చెప్పిన ఈ మాట మన పార్లమెంటుకు చెప్పలేదు. ఆ పొరపాటు ఎవరిదన్న దానిపైనా పొంతన లేదు. సైనిక స్థావరాల జోలికి వెళ్లొద్దని రాజకీయ నాయకత్వం విధించిన పరిమితి వల్లే విమానాలు పోయాయని జూన్‌లో జకార్తాలోని మన రక్షణ ప్రతినిధి అన్నారు; సందర్భం వదిలేసి ఆయన మాటలు ఉటంకించారని రాయబార కార్యాలయం సర్దిచెప్పింది. తమకు ఎవరూ ఏ పరిమితీ పెట్టలేదని వైమానిక దళాధిపతి ఆగస్టులో అన్నారు. ఈ రెంటిలో ఏది నిజమో తెలుసుకోవడం పెన్సిల్ ముక్కలు లెక్కపెట్టడం ఎలా అవుతుంది?

నష్టాలు చెబితే శత్రువుకు మేలు జరుగుతుందన్నది కొట్టిపారేయలేని మాటే. పోరు సాగుతున్నప్పుడు మౌనం అవసరం. అయితే మే 10నే కాల్పులు ఆగాయి. కశ్మీర్‌లో పాంపోర్ దగ్గర, పంజాబ్‌లో భటిండా దగ్గర పడిన శకలాల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఇంకా తెలియనిది మన పౌరులకే. పాకిస్థాన్ మాత్రం నిజం చెబుతోందా అంటే, లేదు. ఆధారమేదని అడిగితే సోషల్ మీడియాలో ఉందన్న రక్షణ మంత్రి వాళ్లకున్నాడు. కానీ మనకు ఆదర్శం ఆ దేశం కాదు. కార్గిల్ యుద్ధంలో 1999 మే 27న ఒక మిగ్-21, ఒక మిగ్-27 పోయాయి. మర్నాడు ఎంఐ-17 హెలికాప్టర్ నలుగురు సిబ్బందితో సహా కూలింది. యుద్ధం నడుస్తుండగానే నాటి వాజ్‌పేయి ప్రభుత్వం ఆ నష్టాలను దేశానికి చెప్పింది. శత్రువుకు లాభించలేదు, దళం తన తీరు మార్చుకుంది, మిరాజ్‌లు లేజర్ బాంబులతో టైగర్ హిల్‌పై దాడి చేశాయి. పోరు ముగిసిన మూడు రోజులకే కె.సుబ్రహ్మణ్యం నాయకత్వాన సమీక్షా సంఘం ఏర్పడింది. ఆ నివేదిక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. ఇప్పటి ప్రభుత్వం కూడా, 2019 ఫిబ్రవరి 27న మిగ్-21 పోయిందనీ, పైలట్ జాడ లేదనీ అదే రోజు ప్రకటించింది. అదే రోజు బడ్గాంలో కూలిన హెలికాప్టర్ విషయంలో మాత్రం అలా జరగలేదు. ఆరుగురు వైమానిక సిబ్బంది, ఒక పౌరుడు అందులో చనిపోయారు. కూల్చింది మన క్షిపణేనని నాటి వైమానిక దళాధిపతి ఒప్పుకున్నది అక్టోబరు 4న, సార్వత్రిక ఎన్నికలు ముగిసి నాలుగు నెలలు దాటాక. మన చేతుల్లోనే బిడ్డను పోగొట్టుకున్నామన్న నిజం ఆ కుటుంబాలకు బాహాటంగా చెప్పడానికి ఏడు నెలలు ఎందుకు పట్టింది? దాన్ని దాచి ఏ రహస్యం కాపాడారు?

లెక్క అడగడమంటే సైన్యాన్ని అనుమానించడం అన్న మాట ఇకనైనా ఆపాలి. ఇక్కడ అడుగుతున్నది పైలట్లను కాదు, వాళ్లను పంపినవాళ్లను. రక్షణ మంత్రి లోక్‌సభలో నిలబడి మే 7న మనం పోగొట్టుకున్న విమానాలెన్నో, ఏ కారణాన పోగొట్టుకున్నామో చెప్పాలి. బయటపెట్టలేని సాంకేతిక వివరాలను కార్గిల్ తరహా సంఘం ముందు ఉంచాలి.