విషయసూచికకు నకలు



క్రిందటి మాసము ఈ శీర్షికయందు, వర్డ్ పత్రములో శీర్షికలకు హెడింగ్ శైలులు పెట్టి, వానినుండి విషయసూచిక దానంతట అదియే యేర్పడునట్లు చేయు విధమును వ్రాసియుంటిని. "ఇంతకంటె సులభమైన పని లేదు" అని కూడ నేనే వ్రాసితిని. ఆ మాట వ్రాసిన పదిదినములకే నా గర్వమునకు తగిన శాస్తి జరిగినది. దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని యీ మాసమున ఆ సంగతినే వ్రాయుచున్నాను.

మా నాయనమ్మ స్వహస్తముతో వ్రాసి పెట్టుకొన్న పాటల పుస్తకము మా యింట నున్నది. కాగితములు పసుపువన్నె తిరిగి మడతలయొద్ద చినుగుచున్నవి. రెండేండ్లనుండి, వంట ముగిసి మావారు బడికి వెళ్లిన పిమ్మట దొరకు తీరికలో దానిని కంప్యూటరున ఎక్కించుచు వచ్చి, మూడు పత్రములుగా ముగించితిని. మేలుకొలుపులును మంగళహారతులును మొదటిది, పెండ్లిపాటలు రెండవది, లాలిపాటలును వ్రతముల పాటలును మూడవది. మాటలైతే దక్కినవి గాని వరుసలు పుస్తకములో లేవు గదా! వానినెఱిగినవారు ఇప్పుడు మా మేనత్తగారు ఒక్కరే. ఆమెకు ఎనుబదియొక్క యేండ్లు. నిన్న నోటికి వచ్చిన పాట నేడు రాదు. ఉదయము మఱచినది ఒక్కొక్కప్పుడు సంధ్యదీపము వేళకు తానై వచ్చును. కావున జాగు చేయరాదని తలచి, మూడు పత్రముల విషయసూచికలను ఒకచోట చేర్చి అచ్చుతీయించి ఆమెకు పంపి, వరుస జ్ఞాపకమున్న పాటల యెదుట గుర్తు పెట్టుమని కోరదలచితిని. తరువాత మేము వెళ్లి ఆ పాటలను ఫోనులో రికార్డు చేసికొనవచ్చునని మా యాశ.

క్రొత్త పత్రము తెఱచి, మూడు సూచికలను కాపీ చేసి ఒకదాని క్రింద నొకటి అతికించితిని. పాట పేరు, చుక్కల వరుస, పుటసంఖ్య, అన్నియు యథాతథముగా వచ్చి తెరమీద ముచ్చటగా నుండెను. మావారు దానిని పెన్‌డ్రైవులో వేసికొని పోయి, త్రోవలోని యొక దుకాణమున అచ్చుతీయించి, కవరులో పెట్టించి అటునుండి అటే టపాలో వేసి వచ్చిరి. ఆ కాగితమును నేను కంటితో చూడనేలేదు.

నాలుగవనాడు ఫోను వచ్చెను.

"ఏమే, మా అమ్మ పాటలన్నీ తప్పులని అచ్చువేయించి పంపావా?"

నాకేమియు అర్థము గాలేదు. ఆమె మనుమడు నాలుగవ తరగతి చదువుచున్నాడు. వాడు ఫోను అందుకొని చదివి వినిపించెను. పుటసంఖ్య యుండవలసిన చోటనెల్ల లావు అక్షరములతో "ఎర్రర్! బుక్‌మార్క్ నాట్ డిఫైన్డ్" అని యున్నదట. ఎర్రర్ అనగా తప్పు అని వాడే ఆమెకు అర్థము చెప్పియున్నాడు. అరువదిమూడు పాటలకు అరువదిమూడు తప్పులు! నేను చెప్పబోవునంతలో, "మీరంతా చదువుకున్నవాళ్లు. మీకు తప్పులే కనబడతాయి. నేనింక పాడనులే" అని ఆమె ఫోను పెట్టివేసిరి.

ఆ రాత్రి మావారును నేనును కూర్చుండి కారణమును వెదకితిమి. తేలినదేమనగా, వర్డ్ తయారుచేసిన విషయసూచిక అక్షరముల వరుస కాదు. దానికి ఫీల్డ్ అని పేరు. "ఈ పత్రములోని శీర్షికలు ఏ పుటలలో నున్నవో వెదకి చూపుము" అను ఆజ్ఞ లోపల నుండును. మనకు కనబడునది ఆ యాజ్ఞయొక్క ఫలము మాత్రమే. మూలపత్రములో ప్రతి శీర్షికకును కంటికగపడని బుక్‌మార్క్ ఒకటి యుండును. పుటసంఖ్య దానిని చూచి వచ్చునది. సూచికను వేఱొక పత్రమున అతికించినప్పుడు పాత ఫలము అట్లే నిలిచియుండును గాని, ఆ బుక్‌మార్కులు వెంట రావు. పుటసంఖ్యలను మఱల లెక్కింపుమన్న క్షణమున వర్డ్ వానికై వెదకి, కానక, ఎర్రర్ అని మొఱపెట్టును. సూచిక నంతటిని క్రొత్తగా చేయుమన్నచో ఇంకను విడ్డూరము: క్రొత్త పత్రములోని శీర్షికలనే యేరి చూపును, అచ్చట శీర్షికలు లేకున్న సూచికలో చేర్చుటకు ఏమియు లేదని ఒక్క వాక్యము మిగుల్చును. మన యింటి యద్దమును పొరుగింటికి మోసికొనిపోయి, అందులో మన దేవుని గూడు కనబడలేదేమని వగచినట్లున్నది నేను చేసిన పని.

మఱి మా యింట చక్కగా నున్నది దుకాణమున నెట్లు చెడెనందురా? వర్డ్ ఆప్షన్లలో డిస్‌ప్లే అను భాగమున, అచ్చునకు ముందు ఫీల్డులను నవీకరించు ఏర్పాటొకటి గలదు. అచ్చటి యంత్రమున అది పెట్టబడి యుండవచ్చును. ఆ కుఱ్ఱవాని నేమియు అనుటకు వీలులేదు. పుస్తకములు అచ్చువేయువారికి అది మేలైన ఏర్పాటే.

ఇక చేయవలసిన విధము. ముందుగా మూలపత్రములో సూచికమీద క్లిక్కు చేసి ఎఫ్9 మీట నొక్కి, సూచిక మొత్తమును నవీకరింపవలెను. లేనిచో పాత తప్పులే స్థిరపడును. పిదప మొదటినుండి తుదివఱకు ఎంచుకొని కాపీ చేసి, క్రొత్త పత్రమున అతికింపవలెను. అతికించిన వెంటనే, మఱియే పనియు చేయకమునుపే, దానిని మఱల ఎంచుకొని, కంట్రోల్, షిఫ్ట్ మీటలను అదిమిపట్టి ఎఫ్9 నొక్కవలెను. దానితో ఆజ్ఞ తెగిపోయి, ఫలము మామూలు అక్షరములుగా నిలుచును. కొన్ని ల్యాప్‌టాపులలో ఎఫ్ఎన్ అను మీటను కూడ కలిపినగాని ఎఫ్9 పలుకదు. ఒకమారు నొక్కిన పిమ్మట అక్షరములు నీలమై క్రింద గీతపడినను, లోపల లంకెలు మిగిలినట్లు తోచినను, ఇంకొకమారు అట్లే చేయవలెను. తరువాత ఉత్త ఎఫ్9 నొక్కి చూడుడు. ఏమియు కదలకున్న ఇక భయము లేదు.

ఈ మూడుమీటల పనిని మూలపత్రములో మాత్రము చేయకుడు. అచ్చట ఆజ్ఞ తెగినచో మీ పుస్తకపు సూచిక ఇక ఎన్నటికిని తానై మాఱదు. చేయి జాఱినచో వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కవలెను.

అక్షరములను మాత్రమే అతికించు మార్గము కూడ గలదు గాని, దానివలన చుక్కల వరుస పోయి అంకెలు ఎగుడుదిగుడుగా నిలుచును. నాకది రుచింపలేదు. మూడుమీటల పద్ధతిలో సయితము, రెండు పత్రముల అంచులు వేఱైనచో అంకెలు కుడివైపున సరిగా కుదురవు. ట్యాబును కొంచెము జరుపుకొనవలెను.

ఒక్క మాట. ఆదిపర్వములోని పర్వసంగ్రహము కూడ విషయసూచికయే గదా. అందు ఏ పర్వమున ఎన్ని అధ్యాయములు, ఎన్ని శ్లోకములు అని చెప్పబడినదే గాని, ఏ యాకున నున్నదని చెప్పబడలేదు. ఆకులు వ్రాయసకానికొక తీరున మాఱును. ఇది తోచి, ఈమాఱు నేను పాటలకు వరుససంఖ్యలు కూడ వేసితిని.

రెండవ ప్రతిని టపాకు నమ్మలేదు. ఆదివారమునాడు బస్సెక్కి రాజమహేంద్రవరమునకు నేనే తీసికొని వెళ్లితిని. అత్తయ్య మొదట ముభావముగా నుండిరి. కాగితము చేతికీయగా కండ్లద్దములు పెట్టుకొని, అంకెలమీద వ్రేలు నడిపించుచు, "ఇవేమిటి?" అని యడిగిరి.

"పుటసంఖ్యలు అత్తయ్యా. మొన్న ఆ చోటులోనే యంత్రము తప్పని వ్రాసింది. తప్పు నాది, పాటలది కాదు."

ఆమె మాఱు మాటాడక పెన్సిలు తెమ్మనిరి. భోజనముల వేళకు ముప్పదియెనిమిది పాటలకు గుర్తులు పడినవి. మూడవ భాగములో ఒక పేరుకడ చేయి ఆగినది. "ఇది లాలిపాట కాదే. నలుగుపాట. మా అమ్మకు ముందు కాగితాల్లో చోటు లేక వెనక రాసుకుంది" అని, ఆ పాటను మొదటినుండి తుదివఱకు ఎచ్చటను తడువుకొనక పాడిరి. నేను ఫోను బయటికి తీయునప్పటికి రెండవ చరణము నడుచుచుండెను. భోజనమైన పిమ్మట మఱల పాడించుకొంటిని.

ఆ పాటను రెండవ భాగములోనికి మార్చితిని. పుటసంఖ్యలును వరుససంఖ్యలును అన్నియు జరిగినవి. ఈ వారము సూచికను మఱల చేయవలసియున్నది.