ఆట గురించి ఆమె మాట

కాజీపల్లి పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి, ఇంటిపని ముగించేసరికి ఏ రాత్రవుతుందో ఆడవాళ్లకే తెలుసు. అయినా క్రికెట్ మ్యాచ్ చూస్తున్నారు. చూసిందాని మీద ఒక మాట అంటే మాత్రం, ముందు ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏమిటో చెప్పమని పరీక్ష పెడతారు. మగవాణ్ని ఎవరూ అలా అడగరు. ఇది అన్యాయం.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మహిళల క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. 87 పరుగులు చేసిన షెఫాలీ వర్మకు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ బంతి ఇచ్చింది. ఎప్పుడో తప్ప బౌలింగ్ చేయని షెఫాలీ 2 వికెట్లు తీసింది. దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో గెలిచాం. షెఫాలీకి బంతి ఇవ్వడం సాహసమా, లెక్కా? మన పత్రిక ఈ సంచికలో మన మహిళలు దీని మీదే గట్టిగా వాదించుకున్నారు. కడప జిల్లా శ్రీచరణి ఎడమచేతి స్పిన్ గురించీ, అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసిన భద్రాచలం త్రిష గురించీ రాశారు. ఆడేవాళ్లను పొగిడి ఊరుకోలేదు, తప్పులూ ఎంచారు. నాకు బాగా నచ్చింది అదే.

ఇరాన్‌లో దశాబ్దాల నిషేధం తర్వాత 2019 అక్టోబరులో మహిళలు టికెట్ కొనుక్కుని ఆజాదీ స్టేడియంలో ఫుట్‌బాల్ చూశారు. అక్కడ చూడటానికే పోరాడాల్సి వచ్చింది. ఇక్కడ చూడనిస్తారు, చెబితే వినరు.

అక్కలారా, చెల్లెళ్లారా, వచ్చే సంచికకు మీరూ రాయండి. పేరు వద్దంటే వేయం. అభిప్రాయం మాత్రం మార్చకుండా వేస్తాం.