ఇంటి గడప నుంచి లెక్కించండి

హైదరాబాదు నుంచి జిద్దాకు గగనమార్గాన సుమారు 4,000 కిలోమీటర్లు. విమానం ఆరు గంటల్లో చేరుతుంది. పలాస నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం దాదాపు 900 కిలోమీటర్లు. దానికి పద్నాలుగు గంటలకు తక్కువ పట్టదు. అధికారుల లెక్కలో మొదటిదే హజ్ ప్రయాణం. రెండవది యాత్రికుని సొంత బాధ. మన అభ్యంతరం ఈ లెక్క మీదనే.

హజ్ స్థోమత గలవారికే విధి. స్థోమత అంటే ధనం మాత్రమే కాదు, దారి కూడా అని ధర్మశాస్త్ర పండితులు చెబుతూనే వచ్చారు. టెక్కలిలోనో మందసలోనో జీవితమంతా కూడబెట్టి, అరవై దాటాక బయలుదేరే దంపతులు ఇహ్రామ్ ధరించకముందే అలసిపోవాలా?

సిక్కోలు జిల్లాలో ముస్లింలు బహు స్వల్పం. అందుకే “సంఖ్య చాలదు” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. పలాస నుంచి జిద్దాకు విమానం నడపమని ఎవరడిగారు? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, అనకాపల్లి జిల్లాల యాత్రికులను కలిపి లెక్కించమంటున్నాం. 2023లో గన్నవరం నుంచి హజ్ విమానాలు ఎగిరినప్పుడు అదనపు ఛార్జీని రాష్ట్ర ప్రభుత్వమే భరించింది. అంటే సంకల్పముంటే మార్గముంది. ఛార్జీ ఎక్కువగా ఉంచి, ఎక్కేవారు లేరనడం కాళ్లూ చేతులూ కట్టేసి ఈదమనడమే.

ఇది దయ అడగడం కాదు. హజ్ సబ్సిడీ 2018లోనే రద్దయింది. నేడు యాత్రికుడు ప్రధానంగా తన చెమట నుంచే చెల్లిస్తున్నాడు. డబ్బు తీసుకునేవారు దారి చూపాలి.

పలాస నుంచి జాతీయ రహదారి మీద మూడు గంటల లోపు దూరంలో భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మితమైంది. దానిని హజ్ యాత్రా ప్రారంభ కేంద్రంగా ప్రకటించాలి. అంతవరకు విశాఖ–హైదరాబాదు విమాన ప్రయాణాన్ని హజ్ టికెట్టులోనే కలపాలి. గాలిలో అది గంటంబావు దూరమే. 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన శాఖ చేపట్టిన కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీయే. ఈ దారి ఆయనకు పటం మీద చూపనక్కరలేదు.

ఒక మాట స్పష్టం చేయాలి. పలాస విమానాశ్రయం పేరిట ఉద్దానం జీడితోటలను అడుగుతున్న వేళ, మన అవసరాన్ని ఎవరూ సాకుగా వాడుకోరాదు. 2018 తిత్లీ తుపానుకు తోటలు కూలినా, మూత్రపిండాల వ్యాధి ఇంటింటా కాటేసినా నేలను వదలని రైతులు వారు. పొరుగువాని హక్కును కాలరాచి చేరే కాబా మనకు లేదు.

ప్రతి జమాఅత్ ఈ డిమాండ్లపై తీర్మానం చేసి రాష్ట్ర హజ్ కమిటీకి పంపాలి. మనం కొద్దిమందిమి కావచ్చు. కొద్దిమంది హక్కు కొద్దిపాటి హక్కు కాదు.