ప్రకృతి వింతలు: అల తెచ్చిన అన్నం

పిల్లలూ! ఆదోనిలోనూ, ఎమ్మిగనూరులోనూ ఉండే మీకు సముద్రం చాలా దూరం. కాని ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు, రైతులు అడుగునున్న ఒండ్రుమట్టిని బండ్లకెత్తి చేలకు తోలటం మీరు చూచే ఉంటారు. నీటి అడుగున చేరిన సారం మెట్టపైరుకు బలమవుతుంది. ఇలాంటి పనినే సముద్రం ఎవరూ చెప్పకుండా చేస్తుంది. ఎలాగో వినండి.

విశాఖపట్నం, భీమునిపట్నం తీరాన రాళ్ళను పట్టుకుని సముద్రపు నాచు పెరుగుతుంది. అందులో ఆకుపచ్చనిదీ, గోధుమరంగుదీ, ఎర్రనిదీ ఉన్నాయి. మన మొక్కలకు మల్లే దానికి వేళ్ళు లేవు. పెద్ద అలలు కొట్టినప్పుడు తెగి, ఒడ్డుకు కొట్టుకు వస్తుంది.

అలలు తడిపే ఇసుకలో గడ్డయినా మొలవదు గదా! మరి అక్కడి ప్రాణులు ఏం తిని బ్రతుకుతాయి? లోకంలో ఎన్నో తీరాలలో ఈ నాచే వాటికి అన్నం. తడి నాచు కుప్పలో ఈగలు గుడ్లు పెడతాయి. రొయ్యకు దూరపు చుట్టాలైన చిట్టి జీవులు రాత్రివేళ గెంతుతూ వచ్చి దాన్ని కొరుకుతాయి. వీటిని సాలెపురుగులూ, ఎండ్రకాయలూ, పక్షులూ తింటాయి. మిగిలినది కుళ్ళి, అందులోని లవణాలు మళ్ళీ నీటిలో కలిసి కొత్త నాచుకు ఎరువవుతాయి.

మెక్సికో దేశం పక్కన కాలిఫోర్నియా సింధుశాఖ ఉన్నది. అందులోని దీవులు మన సీమకంటే ఎంతో కరువు నేలలు. వాన బహు తక్కువ, చెట్టూచేమా అంతంతే. అయినా గేరీ పోలిస్, స్టీఫెన్ హర్డ్ అనే శాస్త్రజ్ఞులు లెక్కపెట్టి చూస్తే, దీవి నడిమి భాగంలోకంటే ఒడ్డు వెంట సాలెపురుగులు ఎన్నోరెట్లు ఎక్కువగా ఉన్నాయి! నాచూ, చచ్చిన చేపలూ ఇచ్చి, నేల పెట్టలేని తిండిని సముద్రం పెడుతున్నదని వారు 1996లో ప్రకటించారు.

కొన్ని దేశాలలో విహారానికి వచ్చేవారికోసం ఈ నాచును చెత్త అని యంత్రాలతో ఊడ్చివేస్తారు. అలా ఊడ్చిన కాలిఫోర్నియా తీరాలలో నాచును నమ్ముకున్న చిరుజీవుల రకాలు తక్కువగా ఉన్నట్లు 2003లో తేలింది. పురుగు లేనిచోట పక్షికి పనేమిటి? ప్లాస్టిక్కు సంచులను ఏరివేయవలసిందే; నాచును మాత్రం వాటితో జమకట్టరాదు.

మంత్రాలయం దగ్గర తుంగభద్రలో వరద తీసిన తర్వాత, పెద్దలను వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్ళండి. నది విడిచిన చితుకులనూ ఆకులనూ ఒక పుల్లతో మెల్లగా ఎత్తి చూడండి. వాటికింద ఎవరెవరు విందు చేసుకుంటున్నారో లెక్కపెట్టండి. చూచిన తర్వాత, ఆ చితుకులను ఎక్కడివక్కడే ఉంచి రండి!