ఐచ్ఛిక ప్రార్థనకు ఆవశ్యకత పరీక్షా?

సూరత్ దక్షిణ భాగాన, పాండేసర పారిశ్రామిక వాడకు చేరువలో వడోద్ ఉన్నది. సూరత్ మరమగ్గాలకు రాత్రీ పగలూ భేదం లేదు. తెలంగాణ నుండి వలసపోయిన మన పద్మశాలీలు సహా వేలాదిమంది ఆ నగరంలో పన్నెండు గంటల పాళీలకు అలవాటుపడినవారే. అటువంటి చోట తహజ్జుద్ నమాజు కోసం నిద్ర మేల్కొనడమంటే ఏమిటో శ్రామికునికే తెలియాలి.

ఇది అయిదు పూటల విధి నమాజులలో చేరదు. ఇషా ముగించి, కొంత నిద్రించి, రాత్రి మూడవ జామున లేచి రెండేసి రకాతుల చొప్పున చేసుకొనే ప్రార్థన. అజాన్ ఉండదు, పిలిచేవారుండరు. మానినవారికి పాపమూ లేదు. ఖురాన్ పదిహేడవ అధ్యాయంలో దీనిని ప్రవక్తకు అదనపు ఆరాధనగా పేర్కొన్నారు. మన శివరాత్రి జాగరణ వలెనే, భక్తుడు తనకు తాను విధించుకొన్న నియమమిది.

ఇక్కడే నాకొక సందేహం. 1954 నాటి శిరూర్ మఠం కేసు నుండి మన సుప్రీంకోర్టు మతాచారాలను "ఆవశ్యకమా, కాదా" అని తూచుతున్నది. ఏది ఆవశ్యకమో ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలని నాటి తీర్పు చెప్పినా, క్రమంగా తూకపురాయి న్యాయమూర్తుల చేతికి వచ్చింది. 1994లో ఇస్మాయిల్ ఫారూఖీ కేసులో మసీదు ఇస్లాముకు ఆవశ్యకం కాదనీ, నమాజు ఎక్కడైనా, ఆరుబయటనైనా చేసుకోవచ్చుననీ అన్నారు. 2022లో కర్ణాటక హైకోర్టు హిజాబును ఇదే త్రాసులో వేసింది. మరి, తప్పనిసరి కాకపోవడమే తన స్వభావమైన తహజ్జుద్ ఈ పరీక్షలో ఎట్లా నెగ్గుతుంది? నిర్బంధాన్ని మాత్రమే కాపాడి, స్వేచ్ఛగా చేసిన భక్తిని వదిలివేసే మతస్వేచ్ఛ ఏమి స్వేచ్ఛ?

ఒంటరిగా ఇంట్లో చేసుకొనేవానిని ఎవరు అడ్డగిస్తారని కొందరనవచ్చు. నిజమే. పదిమంది కూడినప్పుడే చిక్కు. రంజాన్ రాత్రుల తరావీ కూడా ఫర్జ్ కాదు, సున్నతే. 2024 మార్చి 16 రాత్రి అహమ్మదాబాదులోని గుజరాత్ విశ్వవిద్యాలయ వసతిగృహంలో తరావీ చేసుకొంటున్న విదేశీ విద్యార్థులపై గుంపు దాడిచేసి కొట్టింది. మరునాడు ఢిల్లీలో విదేశాంగశాఖ సంజాయిషీ ధోరణిలో ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. ఆరుబయటనైనా చేసుకోవచ్చునన్న న్యాయస్థానం మాట, నాలుగు గోడల ప్రాంగణంలో సైతం చెల్లలేదన్నమాట!

ఇరవై అయిదవ అధికరణం తన హద్దులను తానే చెప్పుకొన్నది: ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం. ఆవశ్యకత అనే మాట అందులో లేదు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వద్దన్న 2005 తీర్పు గుడికీ మసీదుకూ ఒక్కటే. నా మటుకు నాకు అది సరియైన కొలత. పొరుగువాని నిద్ర చెడుతున్నదా అని అడుగుతుందే గాని, నీ భక్తి నీకు అవసరమా అని అడగదు. 2019లో శబరిమల వ్యాజ్యం నుండి ఈ ఆవశ్యకతా ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. దానికి పండితులు కావాలి. విద్యార్థులకొక గది చూపి, వాకిట కాపలా పెట్టడానికి మాత్రం ఏ ధర్మాసనమూ అక్కరలేదు.