ఇంటిలోని మూగప్రాణులు: కుక్కపిల్లను తల్లినుండి ఎప్పుడు వేరుచేయవలయును?

రెండు మాసముల క్రిందట ఒక సోదరి నాకిట్లు వ్రాసినది: "మా లాబ్రడారు కుక్క ఏడు పిల్లలను పెట్టినది. నేటికి 30 దినములైనది. బంధువులును ఇరుగుపొరుగువారును పిల్లలకై తొందరపెట్టుచున్నారు. కుక్కపిల్లల నమ్ము వర్తకుడొకడు వచ్చి, చిన్నదిగ నున్నప్పుడే పిల్ల ముద్దుగ నుండును, వెల ఎక్కువ పలుకును, ఇప్పుడే ఇచ్చివేయుడనుచున్నాడు. మా అత్తగారికిని ఈ సందడి విసుగు పుట్టించుచున్నది. ఏమి చేయుదును?"

8 వారములు నిండువరకు ఒక్క పిల్లనైనను తల్లినుండి వేరుచేయవలదని ఆమెకు వెంటనే జాబు వ్రాసితిని. ఇట్టి సందేహము పలువురకు కలుగునది గావున కారణములను ఇచట విపులముగ తెలుపుచున్నాను.

ఇది నేను అనుభవముమీద చెప్పు మాట. కొన్నియేండ్ల క్రిందట మేము 35 దినముల పిల్లను కొని తెచ్చుకొంటిమి. తల్లిని చూపుడని మేము అడుగలేదు. అమ్మినవారు చూపను లేదు. పిల్ల బొద్దుగ, చూడముచ్చటగ నుండెను. కాని కుక్కరు ఈలవేసిన చాలు, మంచము క్రింద దూరెడిది. వీథిలోనికి తీసికొనిపోయినచో నేలకు కరచుకొని పడుకొనెడిది. ఏడాది నిండునప్పటికి తన పళ్లెము దరికి ఎవ్వరు పోయినను గుర్రుమనసాగెను. ఒకనాడు మా మనుమని చేయి కరచెను. గాయమును వెంటనే సబ్బుతో కడిగి, వైద్యునిచే సూదిమందు వేయించితిమి. బాలునకు అపాయము తప్పినది. ఆ దినము మొదలు ఆ కుక్క బ్రతుకు వసారాలోని గొలుసుతోనే గడచినది. తప్పు దానిది కాదు, తొందరపడిన మాది.

కుక్కపిల్ల కన్నులు 10 మొదలు 14 దినములకు తెరచును. మూడవ వారమునకు చెవులు వినవచ్చును. అప్పటినుండి 12 లేక 14 వారముల వరకు దాని మనస్సు పచ్చిమట్టి వంటిది. ఆ కాలమున తోబుట్టువులతో ఆడుకొనుచు ఒకదానిని గట్టిగ కొరికినచో, అది కుయ్యిమని ఆట మానివేయును. తల్లిని నొప్పించినచో తల్లి మందలించి లేచిపోవును. పంటిబలమును అదుపులో నుంచుకొనుట పిల్ల ఇట్లు నేర్చును. ఈ పాఠము ముగియకమునుపే వేరుచేసినచో దానిని మరల నేర్పుట మనకు మిక్కిలి కష్టము. 2011లో ఇటలీ దేశపు పశువైద్యపండితులు 140 కుక్కలను గూర్చి యజమానుల నడిగి తెలిసికొనిన విషయములను ప్రకటించిరి. 30 మొదలు 40 దినముల ప్రాయమున తల్లిని విడిచిన కుక్కలు, రెండు మాసములు తల్లియొద్ద నున్నవానికంటె ఎక్కువగ బెదరుచున్నవనియు, అతిగ మొరుగుచున్నవనియు, తిండిని ఇతరుల దరిచేరనీయకున్నవనియు తేలినది. మా ఇంటి కథయే అందు కనబడినది.

అట్లని పిల్లలను తల్లితోగూడ ఒక మూలగదిలో నుంచి తలుపు వేసినచో మేలు కలుగదు. 1961లో అమెరికాలోని బార్ హార్బరు పరిశోధనాలయమువారొక ప్రయోగమును ప్రకటించిరి. వారు పిల్లలను మనుష్యుల పొడ లేకుండ కంచె వేసిన దొడ్లలో పెంచి, కొన్నింటిని వేరువేరు ప్రాయములందు ఒక్కొక్క వారము బయటికి తెచ్చి మనుష్యులతో మెలగనిచ్చిరి. 14 వారముల వరకు మనుష్యుని ఎరుగని పిల్లలు ఆ పిమ్మట ఎంత లాలించినను దరిచేరక, అడవిమృగములవలె నయ్యెను. అవి వేరు జాతుల పిల్లలైనను నీతి అన్ని జాతులకును ఒకటే. తల్లి చెంతను 8 వారములుండుటయు, ఆ 8 వారములలో మనుష్యుల సహవాసమును, రెండును కావలయును. ఈ రెండవది ఇచ్చుటలో గృహిణిని మించినవారు లేరు. మన వంటిల్లే దానికి పాఠశాల.

తొలి రెండు వారములు పిల్ల తన ఒంటివేడిని తాను నిలుపుకొనజాలదు. వెడల్పైన పెట్టెలో ఉతికిన పాతబట్టలు పరచి, ఈదురుగాలి తగులని చోట నుంచుడు. తొలివారమున పెట్టెలో 29 మొదలు 32 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము ఉండవలయును. పిల్లలు ఒకదానిపై నొకటి కుప్పగ చేరి మూలుగుచున్నచో చలి అనియు, దూరదూరముగ పడి రొప్పుచున్నచో వేడి ఎక్కువైనదనియు గ్రహింపుడు. మన వేసవిలో ఈ రెండవదే ఎక్కువ భయము. పుట్టిన తొలిదినముననే ప్రతిపిల్లకును ముర్రుపాలు అందినవో లేదో చూడుడు. దినదినము త్రాసులో తూచి వ్రాసికొనుడు; బరువు పెరుగని పిల్లను ఆ దినమే పశువైద్యునకు చూపుడు.

మూడవ వారము దాటిన పిమ్మట దినమునకు కొన్ని నిమిషములు ఒక్కొక్క పిల్లను ఒడిలోనికి తీసికొని పాదములు, చెవులు, నోరు మెల్లగ తాకి చూడుడు. గిన్నెల చప్పుడు, మిక్సీ మ్రోత, పూజగంట మొదట దూరమునుండియు, పిదప దగ్గరగను విననిండు. గచ్చు, గడ్డి, గోనె, ఇసుక మున్నగు వానిపై నడువనిండు. చేతికర్రతో నడచు తాతగారిని, హెల్మెటు పెట్టుకొన్న యువకుని, బడిపిల్లలను చూడనిండు. వచ్చినవారు చేతులు కడుగుకొని నేలపై కూర్చుండవలయును. పిల్ల తనంత దరికి రావలయును. బెదరినదానిని బలవంతముగ ముందుకు త్రోయరాదు.

నాలుగవ వారమున తల్లిపాలతోబాటు కుక్కపిల్లల ఆహారమును గోరువెచ్చని నీటిలో నానబెట్టి చిదిమి పెట్టవచ్చును. ఏలికపాముల మందు రెండవ వారమునుండి రెండేసి వారముల కొకమారు వైద్యుడు చెప్పిన మోతాదున ఈయవలయును. పార్వో, డిస్టెంపరు వ్యాధుల టీకాలు 6 లేక 8 వారములకు మొదలిడి, 16 వారముల వరకు విడతలుగ వేయింపుడు. రేబిస్ టీకా మూడవ మాసమున. టీకాలు పూర్తియగువరకు వీథికుక్కలు తిరుగు చోట నేలపై దింపక, చంకనెత్తుకొని లోకమును చూపుడు.

ఇంకొక ఈత తలపెట్టువారికి రెండు మాటలు. భారత ప్రభుత్వమువారు 2017లో చేసిన నియమముల ప్రకారము 18 మాసములు నిండని ఆడకుక్కను జతపరుపరాదు. ఏడాదికి ఒక ఈతకు మించరాదు. 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు. లాబ్రడార్లలో తొంటికీళ్ల లోపము వంశపారంపర్యముగ వచ్చునది గావున, జతపరుపకమునుపే తల్లిదండ్రులు రెండింటికిని ఎక్సరే తీయింపవలయును. పిరికిదియు, కరచునదియు నగు కుక్కకు ఈత వలదు. ఆ గుణము పిల్లలకును సోకును. చూలు సుమారు 63 దినములు. ఆ కాలమున వైద్యుడు చెప్పనిదే కాల్షియము మందులు పోయకుడు. బలమునకని పోసినదే ఈనిన పిమ్మట వణుకువాతమునకు కారణము కావచ్చును.

ఇక తిండి. లాబ్రడారు పూర్వులు న్యూఫౌండ్లాండు దీవిలో జాలరులతో చల్లని నీట ఈది వలలు లాగిన కుక్కలు. ఈ జాతికి ఆకలి మిక్కుటము. నాల్గవవంతు లాబ్రడార్లలో ఆకలి తీరినదని తెలియజేయు జన్యువులో కొంత భాగము లోపించినదని 2016లో కేంబ్రిడ్జి పండితులు కనుగొనిరి. కావున అది జాలిగ చూచినంతనే పెట్టవలదు. 48 లాబ్రడార్లను జీవితాంతము గమనించి 2002లో ప్రకటించిన పరిశోధనలో, తోబుట్టువులకంటె నాల్గవవంతు తక్కువ తిన్నవి సుమారు రెండేండ్లు ఎక్కువ బ్రతికినవి. ప్రేమతో పెట్టు అదనపు ముద్ద దాని ఆయుష్షును తీయుచున్నదని మరువకుడు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చాక్లెట్టు దానికి విషములు.

పిల్లను కొనగోరు సోదరీమణులారా! వెల అడుగకమునుపు తల్లిని చూపుమని అడుగుడు. చూపనివారి గుమ్మము దిగి రండు.

మొదట వ్రాసిన సోదరి మొన్న మరల జాబు వ్రాసినది. వర్తకుని పంపివేసినదట. ఒకరిద్దరు బంధువులు అలిగినారట. 8 వారములు నిండిన పిమ్మట నాలుగు పిల్లలు వెళ్లినవి. మిగిలిన మూడింటికి తగిన ఇండ్లు వెదకుచున్నారు. అవి కుక్కరు ఈలకు చెవులు నిక్కించి, మరల ఆటలో పడుచున్నవట. ఆ ఒక్క వాక్యమును నేను పలుమారులు చదువుకొంటిని.