లైటు పచ్చగా ఉంటే సరిపోయిందా?

"మా వైపు అంతా బాగానే ఉందండీ, మీ రూటర్ ఒకసారి చూసుకోండి." ఇక్కడ అమెరికాలో క్యారియర్ దగ్గర ఈథర్నెట్ లైను తీసుకున్నవాళ్ళు అది పడిపోయినప్పుడు ఎక్కువగా వినే మాట ఇది. అబద్ధమని నేననను. అసలు బాధేమిటంటే, అది నిజమో కాదో చెప్పేవాడికే తెలియదు. అర్ధరాత్రి ఫోనెత్తేది ఒక్కోసారి మన హైదరాబాదు కుర్రాడే. వాడి తెర మీద పోర్టు లైటు పచ్చగా కనిపిస్తోంది, వాడు అదే చదువుతాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు.

ఆ పచ్చ లైటుకి అర్థం ఒకటే: ఈ డబ్బాకీ పక్క డబ్బాకీ మధ్య తీగ బాగుంది. న్యూయార్కు నుంచి డాలస్ దాకా మధ్యలో ఎన్ని స్విచ్చులో, ఎన్ని కంపెనీలో! ఎక్కడో ఒక స్విచ్చులో ఎవరో మన వీల్యాన్‌ని చెరిపేస్తే రెండు చివరలా లైట్లు పచ్చగానే వెలుగుతుంటాయి, ఫ్రేములు మాత్రం మధ్యలో గంగలో కలుస్తాయి. పింగ్ కొడితే పోయిందని తెలుస్తుంది, ఎక్కడ పోయిందో తెలియదు. ట్రేస్‌రౌట్‌కి రూటర్లే కనబడతాయి, స్విచ్చులు కనబడవు. సగం దేశం అడ్డమున్నా మన రెండు రూటర్లూ పక్కపక్కనే ఉన్నట్టు చూపిస్తుంది.

పాత టీ1 లైను వేగం 1.544 మెగాబిట్లే. కానీ ఫోను కంపెనీవాడు కుర్చీలోంచి లేవకుండా మన గోడ మీది డబ్బా దాకా లూప్‌బ్యాక్ పెట్టి చూసేవాడు. ఈథర్నెట్ 1973లో జిరాక్స్ పార్క్‌లో, ఒక భవనంలోని యంత్రాల్ని కలపడానికి పుట్టింది. పాడైతే లేచి వెళ్ళి తీగ చూసుకోవడమే. చవగ్గా వస్తోందని దాన్ని ఊళ్ళు దాటించి అమ్మారు, జబ్బు పట్టుకునే పరికరాలు మాత్రం వెనకే ఉండిపోయాయి.

ఆ సాకు ఎప్పుడో చెల్లిపోయింది. 2006లో ఐటీయూ వాళ్ళ వై.1731, 2007లో ఐఈఈఈ వాళ్ళ 802.1ఏజీ వచ్చేశాయి. సంగతి చాలా తేలిక. లైను రెండు చివరలూ ఒకదానికొకటి "నేనున్నాను" అని సీసీఎమ్ అనే చిన్న ఫ్రేము పంపుకుంటూ ఉంటాయి. సెకనుకొకటి చొప్పున పెట్టుకుంటే మూడున్నర సెకన్లు వినబడకపోతే అలారం. ఒకవైపే తెగితే, వినబడనివాడు తను పంపే ఫ్రేములో ఒక బిట్టు పెట్టి "నీ గొంతు నాకు రావట్లేదు" అని చెబుతాడు. వేరే కస్టమర్ లైను మనదాంట్లో కలిసిపోతే, ఫ్రేములో పేరు తేడాగా ఉండి అదీ దొరికిపోతుంది. ఆ తర్వాత లింక్‌ట్రేస్ పంపితే దారిలోని మజిలీలు ఒక్కొక్కటే పలుకుతాయి. ఏ మజిలీ తర్వాత జవాబు ఆగిందో, తప్పు అక్కడ.

మరి ఎందుకు లేదు? చాలామంది దగ్గర ఉంది బాబూ, వాళ్ళ సొంతానికి వాడుకుంటారు. కస్టమర్‌కి మాత్రం ఒక్క మజిలీ కూడా తెరవరు. అడిగితే "సెక్యూరిటీ" అంటారు. ఈ మాటే నాకు ఒళ్ళు మండిస్తుంది. 802.1ఏజీలో 0 నుంచి 7 దాకా ఎనిమిది అంతస్తులు పెట్టిందే అందుకు! మామూలుగా కింది మూడూ ఆపరేటర్లకి, 3, 4 సర్వీసు అమ్మినవాడికి, 5 నుంచి 7 కస్టమర్‌కి. కస్టమర్ అంతస్తులో నెట్‌వర్కు గడప దగ్గర ఒక్క మజిలీ పెడితే గడపే కనిపిస్తుంది, వంటిల్లు కనపడదు. ఇంకొందరు "ప్రాసెసర్ మీద భారం" అంటారు. 3.33 మిల్లీసెకన్లకొకటి పంపమని ఎవరడిగారు? సెకనుకొకటి చాలు.

దీంతో అన్నీ దొరుకుతాయని చెప్పను. నాలుగు తీగల్ని కట్టగట్టి ఒకటిగా వాడేచోట సీసీఎమ్ ఒక తీగలోనే పోతుంటుంది, పక్క తీగ చచ్చినా దానికి పట్టదు. పెద్ద ఫ్రేములే పడిపోయే జబ్బు చిన్న ఫ్రేముకి కనపడదు, దానికి లూప్‌బ్యాక్‌లో బరువు నింపి పంపాలి. అయినా గుడ్డిగా ఉండటంకంటే నయం కదా.

నేను పనిచేసే క్లయింటుకి పోయిన చలికాలంలో రెండు ఆఫీసుల మధ్య లైను ఒకవైపే పోయింది. అమ్మినవాడు మా రూటర్ అన్నాడు. వాడు అద్దెకి తీసుకున్న లోకల్ కంపెనీ, అమ్మినవాడిదే తప్పంది. తెల్లారేదాకా ముగ్గురం ఒకే కాల్‌లో! చివరికి తప్పు ఆ ఇద్దరూ కలిసే పోర్టులో తేలింది. ఆ రాత్రి నష్టం ఎవరి ఖాతాలో పడింది? మాదే. తప్పు మాది కాదని చూపించే సాధనం మా చేతిలో లేదు మరి.

ఇప్పుడు ఆ కాంట్రాక్టు రెన్యూవల్‌కి వచ్చింది. మూడు వాక్యాలు రాసిచ్చాను: మా అంతస్తు సీసీఎమ్‌లు ఆపకుండా దాటించాలి, రెండు గడపల దగ్గరా మాకు జవాబిచ్చే మజిలీ పెట్టాలి, లైను పోయిన సమయాన్ని పోర్టు లైటుతో కాక సీసీఎమ్ అలారంతో లెక్కకట్టాలి. సేల్స్ ఆయన "ఇంజనీరింగ్ వాళ్ళనడిగి చెబుతా" అన్నాడు. మూడు వారాలైంది, ఇంకా అడుగుతూనే ఉన్నాడు.